అలలు నూరిన గాజు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కిందటి సంచికలో అమెరికాలోని ఫోర్ట్ బ్రాగ్ గాజు తీరం ఫొటో వేశాం. పారేసిన సీసాల పెంకులు సముద్రంలో ఏళ్ల తరబడి నలిగి, రంగురంగుల గులకరాళ్లలా ఒడ్డున పేరుకున్న తీరమది. దాని గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఒకే సంగతి నలుగురైదుగురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

పగిలిన సీసా పెంకు రాయిలా ఎలా మారుతుంది? ఉప్పునీళ్లు తినేస్తాయా, ఇసుక అరగదీస్తుందా? ఎన్నేళ్లు పడుతుంది?
– ఒక పాఠకుడు, కాకినాడ

రెండూ జరుగుతాయి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ రూపం రాదు.

సీసా గాజులో నూటికి 70–75 పాళ్లు సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. 12–15 పాళ్లు సోడా, 10 పాళ్ల చుట్టుపక్కల సున్నం. సిలికా తక్కువ వేడికే కరగాలని సోడా కలుపుతారు. సోడా మాత్రమే కలిపితే ఆ గాజు నీళ్లలో కరిగిపోతుంది, అందుకని సున్నం. గట్టిదనాన్ని కొలిచే మోస్ లెక్కలో ఈ గాజు 5.5 దగ్గర ఉంటుంది, ఇసుకలోని క్వార్ట్జ్ 7. కాబట్టి ఒడ్డున ఉన్న ప్రతి క్వార్ట్జ్ రేణువూ గాజుని గీయగలదు.

ముందుగా పోయేది పదును. పెంకు అంచుకు వెనక ఆసరా ఉండదు. గులకరాయి తగిలిందంటే అక్కడే చిన్న పెచ్చు ఊడుతుంది. మొదటి కొన్నేళ్లలో ఇలా మూలలన్నీ మొద్దుబారతాయి. ఆ తర్వాత దెబ్బలు బల్లపరుపు భాగం మీద పడతాయి. గుండ్రటి రాయి గాజు మీద గట్టిగా తగిలితే ఆ తగిలినచోట నెలవంక ఆకారంలో సన్నటి పగులు ఏర్పడుతుంది. పది రెట్లు పెద్దది చేసి చూపే లెన్సు పెట్టి చూస్తే అసలైన సముద్రపు గాజు మీద ఇలాంటి నెలవంకలు ఒకదాని మీద ఒకటి, చిన్నవీ పెద్దవీ, అన్ని దిక్కులకూ తిరిగి కనిపిస్తాయి. ఒక్కో నెలవంకా ఒక్కో రాయి దెబ్బ. వాటి మధ్యలో ఉండే సన్నటి గుంటలు ఇసుక పని.

నీళ్ల పని నెమ్మది. సముద్రపు నీరు కొద్దిగా క్షారగుణం ఉన్నది, పీహెచ్ 8.1 దగ్గర. ఈ నీరు తగులుతూ ఉంటే గాజు పైపొరలోని సోడియం, కొంత కాల్షియం నీళ్లలోకి జారుకుంటాయి. సోడియం ఖాళీ చేసిన చోట్లలోకి నీటిలోని హైడ్రోజన్ చేరుతుంది. అలా పైపొర గుల్లబారుతుంది. గుల్లబారిన పొరను ఇసుక సులువుగా గీకేస్తుంది, కింద కొత్త గాజు బయటపడుతుంది, దాన్ని మళ్లీ నీళ్లు పట్టుకుంటాయి. పాత ముక్కల మీద పంచదార అద్దినట్టు కనిపించే మిలమిల ఈ రెండు పనులూ కలిసి చేసిందే.

ఇన్నేళ్లని కచ్చితంగా చెప్పే లెక్క లేదు. రాళ్లున్న, అలల ఉధృతి ఎక్కువగా ఉన్న ఒడ్డున అంచులు పదేళ్లలోపే మొద్దుబారవచ్చు. చేతిలోకి తీసుకుంటే ఎక్కడా గుచ్చుకోకుండా, అన్ని వైపులా ఒకేలా మసకబారిన ముక్క కావాలంటే మామూలుగా 20 నుంచి 40 ఏళ్లు. వందేళ్లు దాటినవీ దొరుకుతాయి.

ఇంకొక మాట. ఈ పనంతా జరిగేది కెరటం విరిగి, ఒడ్డు మీదకు పాకి, వెనక్కి లాగే ఆ కొద్దిపాటి మేరలోనే. లోతు నీళ్లలో కదలకుండా పడి ఉన్న సీసా వందేళ్లయినా గులకరాయి కాదు. దాని మీద నత్తగుల్లలు పెరుగుతాయి, పైపొర పొరలు పొరలుగా లేచి హరివిల్లు రంగులు తిరుగుతుంది, అంతే.

విశాఖలో ఇంత పెద్ద బీచ్ ఉంది. నాకు మాత్రం కాలికి గుచ్చుకునే పెంకులే కనిపిస్తాయి. మన దగ్గర ఇలాంటి గాజు ఎందుకు దొరకదు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

ఒడ్డు తీరు ఒక కారణం. మెత్తటి ఇసుక బాగా ఉన్నచోట పెంకు తిరగడానికి బదులు కూరుకుపోతుంది. కూరుకున్నంత కాలం రాపిడి ఆగిపోతుంది. తుపానుకు ఒడ్డు కోసుకుపోయినప్పుడు బయటపడి, నాలుగు రోజులు దొర్లి, మళ్లీ ఇసుక కిందకు వెళుతుంది. నిజానికి విశాఖ–భీమిలి ఇసుకకు అరగదీసే శక్తి తక్కువేమీ కాదు. ఆ ఇసుకలో ఎర్రగా కనిపించే గార్నెట్ గట్టిదనం 7 నుంచి 7.5, క్వార్ట్జ్ కంటే కొంచెం ఎక్కువే. లేనిది గుప్పెడంత రాళ్లు పరుచుకున్న ఒడ్డు. ఇసుక గాజుని మసకబార్చగలదు, గుండ్రంగా మలచాలంటే రాళ్ల దెబ్బలు కావాలి. మీకు ఎక్కడైనా దొరికే అవకాశం ఉందంటే బండల సందుల్లో గులకరాళ్లు చేరిన మూలల్లోనే. అమావాస్యకో పున్నమికో నీళ్లు బాగా వెనక్కి వెళ్లిన వేళ, ఇసుకా గులకరాళ్లూ కలిసే గీత వెంబడి చూడండి.

ఒడ్డుకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. ఫోర్ట్ బ్రాగ్ లాంటి ఊళ్లలో దశాబ్దాలపాటు ఊరి చెత్తంతా ఒకేచోట సముద్రంలో పోశారు. మన ఇళ్లలో ఖాళీ సీసాని పారేసే అలవాటు ఎప్పుడూ లేదు. పాత సామాన్లవాడు కొనేవాడు, సోడా సీసా తిరిగి సోడా బండికే వెళ్లేది. పాత గాజు సముద్రం దాకా చేరనేలేదు. ఇప్పుడు మీ కాలికి గుచ్చుకుంటున్నవి ఈమధ్య పగిలిన బీరు సీసాలు. వాటిని వదిలేస్తే అలలే నునుపు చేస్తాయని ఎవరూ అనుకోవద్దు. చేసేలోపు ఎందరి కాళ్లో కోస్తాయి. కనిపిస్తే మందపాటి డబ్బాలో వేసి చెత్తబండికి ఇవ్వండి, పాలిథీన్ సంచిలో వేస్తే అది చిరిగి ఎత్తేవాళ్ల చేయి తెగుతుంది.

మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. సెలవుల్లో ఫోర్ట్ బ్రాగ్ వెళదామనుకుంటున్నాం. పిల్లలు కొన్ని గాజురాళ్లు తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కాలిఫోర్నియా

స్టేట్ పార్కు పరిధిలో తెచ్చుకోకూడదు. అక్కడ గాజు ఏరుకుపోవడం నిషేధం.

చరిత్ర తెలిస్తే ఆ నిబంధన ఎందుకో తెలుస్తుంది. 1906 నుంచి ఆ ఊరివాళ్లు ఇంటి చెత్త, సీసాలు, పాత సామాన్లు, ఆఖరికి పాడైన కార్లు కూడా కొండ అంచు మీంచి సముద్రంలోకి తోసేవారు. ఒకచోటు నిండిపోతే 1943లో రెండో చోటికి, 1949లో మూడో చోటికి మారారు. కుప్ప తగ్గించడానికి నిప్పు కూడా పెట్టేవారు. అందుకే అక్కడ కరిగి ముద్దయిన గాజు కూడా దొరికేది. 1967లో అధికారులు చెత్త పోయడం ఆపించారు. తర్వాత ఇనుప సామాను తీయించారు, మిగతాది అలలు నలగ్గొట్టాయి. ఆ స్థలంలో 38 ఎకరాలను 2002లో రాష్ట్ర పార్కుల శాఖ కొని మెకెరిచర్ స్టేట్ పార్కులో కలిపింది.

కొత్త గాజు పడి ఆరు దశాబ్దాలు కావస్తోంది. ఉన్నది అరిగి అరిగి చివరికి ఇసుకైపోతుంది. దానికి తోడు వచ్చినవాళ్లంతా గుప్పెడేసి పట్టుకెళ్లడంతో అక్కడి గాజు బాగా తగ్గింది. పాత ఫొటోలు చూసి తీరమంతా రంగుల తివాచీ ఊహించుకుని వెళ్లకండి. చాలా ముక్కలు చింతగింజంత, కొన్ని కందిగింజంత ఉంటాయి. పిల్లల్ని నీళ్లు వెనక్కి వెళ్లిన వేళకు తీసుకెళ్లండి, ఫొటోలు తీయించండి, ముక్కలు చేతిలోకి తీసుకుని చూసి అక్కడే పెట్టించండి. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాం: ఆ తీరంలో నిదానంగా వస్తున్న అలల మధ్య ఉన్నట్టుండి ఒక పెద్ద అల ఒడ్డు మీద చాలా దూరం దూసుకొస్తుంది. వంగి ఏరేటప్పుడు పిల్లల వీపు సముద్రం వైపు ఉండకూడదు.

ఇంగ్లండులో సీహామ్ తీరాన ఒకే ముక్కలో రెండు మూడు రంగులున్న గాజు దొరికింది. సముద్రమే రంగులు కలుపుతుందా?
– ఒక పాఠకుడు, సండర్లాండ్

సముద్రం గాజును కరిగించలేదు, కాబట్టి కలపలేదు. గాజు మెత్తబడాలంటేనే 600–700 డిగ్రీల వేడి కావాలి. ఆ రంగులు కొలిమి దగ్గర కలిసినవే.

సీహామ్‌లో జాన్ క్యాండ్లిష్ 1853లో పెట్టిన లండన్‌డెరీ బాటిల్‌వర్క్స్ 1921 దాకా నడిచింది. బ్రిటన్‌లోకెల్లా పెద్ద సీసాల కర్మాగారంగా దానికి పేరు. రోజుకు 20,000 దాకా సీసాలు ఊదేవారని చెబుతారు. పగిలినవి, సరిగా రానివి, మూసల్లో మిగిలినవి తెచ్చి సముద్రంలో పోసేవారు. రోజు ముగిశాక వేర్వేరు మూసల్లో మిగిలిన గాజు వేడివేడిగా ఒకదాని మీద ఒకటి పడితే మీకు దొరికినలాంటి చారల గాజు తయారవుతుంది. ఏరేవాళ్లు దాన్ని ‘రోజు చివరి గాజు’ అంటారు.

మీ ముక్కలో గమనించవలసింది ఒకటుంది. రెండు గాజులు అతుక్కుని చల్లారేటప్పుడు రెండూ ఒకే మోతాదులో కుంచించుకోవాలి. తేడా ఉంటే అతుకు దగ్గర ఒత్తిడి మిగిలిపోయి, ఆ రోజో ఆ తర్వాతో పగులుతుంది. వందేళ్లకు పైగా రాళ్ల మధ్య దొర్లి కూడా మీ ముక్క అతుకు దగ్గర విడిపోలేదంటే ఆ రెండు గాజుల పొంతన బాగా కుదిరిందన్నమాట. విడిపోయినవెన్నో ఒకే రంగు ముక్కలుగా ఆ ఒడ్డు మీదే ఉంటాయి.

ఏ రంగు దేనివల్ల వస్తుంది? ఎండకు రంగు మారుతుందంటారు, నిజమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, నల్గొండ

ఇసుకలో ఎంతోకొంత ఇనుము ఉంటుంది. ఏమీ కలపకుండా గాజు చేస్తే ఆ ఇనుము వల్ల లేత ఆకుపచ్చ, లేదా నీలం కలిసిన ఆకుపచ్చ వస్తుంది. పాత సోడా సీసాల రంగు అదే. చిక్కటి ఆకుపచ్చకు క్రోమియం కలుపుతారు. గోధుమరంగు బీరు సీసాలో పని చేసేవి ఇనుము, గంధకం, కార్బన్. ఈ మూడూ కలిసి అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటాయి, బీరు చెడదు. ముదురు నీలం కోబాల్ట్ వల్ల. అది చాలా ఘాటైన రంగు పదార్థం, నూటికి ఒక పాలులో పదోవంతు కలిపినా గాజు ముదురు నీలమవుతుంది. పాత మందు సీసాలకు ఈ రంగు వాడేవారు.

ఎరుపు, నారింజ అన్నిటికన్నా అరుదు. వాటికి బంగారం, రాగి, లేదా సెలీనియం–కాడ్మియం కావాలి. ఖర్చెక్కువ, పైగా రంగు తేలడానికి రెండోసారి వేడి చేయాలి. అందుకే సీసాలకు వాడడం తక్కువ. ఎర్ర ముక్క దొరికితే అది చాలావరకు ఓడ దీపం, బండి వెనక దీపం అద్దం, లేదా అలంకారపు గిన్నె. తెల్లగా పాలలా ఉండేది క్రీములూ మలాములూ పెట్టే జాడీలది. దాన్లో ఎముక బూడిదో తగరమో ఫ్లోరైడో కలిసి ఉంటుంది.

నల్లటి ముక్కని మామూలు రాయి అనుకుని చాలామంది దాటి వెళ్లిపోతారు. దాన్ని ఫోన్ లైటుకు అడ్డం పెట్టి అంచు చూడండి. ముదురు ఆకుపచ్చో గోధుమో కనిపిస్తే అది పాత సారా సీసా గాజు, ఇనుము ఎక్కువై నల్లబడింది.

ఎండకు రంగు మారడం నిజం. ఇనుము తెచ్చే పచ్చదనాన్ని విరచడానికి ఒకప్పుడు గాజులో మాంగనీస్ కలిపేవారు. గాజు ఏ రంగూ లేకుండా తెల్లగా కనిపించేది. కానీ ఏళ్ల తరబడి ఎండ తగిలితే అతినీలలోహిత కిరణాలకు ఆ మాంగనీస్ స్థితి మారి గాజు లేత ఊదాగా తిరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మాంగనీస్ దొరకడం కష్టమై, సీసాల తయారీదారులు సెలీనియానికి మారారు. అది ఎండకు లేత గోధుమ, పీచ్ రంగుల వైపు తిరుగుతుంది. కాబట్టి లేత ఊదా ముక్క దొరికితే అది వందేళ్లు దాటినదయ్యే అవకాశం ఎక్కువ. మీ విద్యార్థులకు చెప్పదగ్గ ముచ్చట ఒకటి: ఆ ఊదా ముక్కని కొలిమిలో బాగా వేడి చేస్తే రంగు పోయి మళ్లీ తెల్లగా అవుతుంది. బడిలో చేయకండి, గాజు పేలుతుంది.

నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి ఉంటే చీకట్లో వేసి చూడండి. కళ్లు చెదిరే ఆకుపచ్చలో మెరిస్తే యురేనియం గాజు, మసగ్గా మెరిస్తే మాంగనీస్. యురేనియం గాజు చేత్తో పట్టుకోవచ్చు, దాచుకోవచ్చు. పొడి మాత్రం చేయకూడదు.

నీళ్లలో ఉన్నప్పుడు మెరిసే ముక్క ఇంటికి తెస్తే వెలవెలబోతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, చెన్నై

అది లోపం కాదు. పైన ఉన్న లక్షల గుంటలు వెలుతురుని చెల్లాచెదురు చేస్తాయి, అందుకే మసక. తడిపితే గుంటలు నీళ్లతో నిండుతాయి, వెలుతురు నేరుగా లోపలికి పోతుంది. కొబ్బరినూనె ఒక చుక్క రాసినా అంతే అవుతుంది. కొందరు అమ్మేముందు నూనె రాసి రంగు ఎక్కువ చేసి చూపిస్తారు. రాసిన నూనెకు దుమ్ము పట్టి జిడ్డవుతుంది, సబ్బునీళ్లలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. గాజు జాడీలో నీళ్లు పోసి అందులో వేసి కిటికీ దగ్గర పెట్టుకోండి. వారానికోసారి నీళ్లు మార్చకపోతే నాచు పడుతుంది.

ఆన్‌లైన్‌లో కిలో లెక్కన ‘సీ గ్లాస్’ అమ్ముతున్నారు. అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, విజయవాడ

కిలో లెక్కన, ఒకే సైజులో, ఒకే మందంలో వస్తే అది యంత్రంలో తిప్పినదో ఆసిడ్‌లో ముంచినదో. అలంకారానికి కొనుక్కుంటే తప్పులేదు, అసలుదన్న ధర మాత్రం ఇవ్వకండి.

లెన్సు పెట్టి చూడండి. అసలు ముక్క మీద నెలవంక పగుళ్లు ఉంటాయి, గుంటలు చిన్నవీ పెద్దవీ కలగలిసి ఉంటాయి. యంత్రంలో తిరిగినదాని మీద గరుకు ఒకే తీరున, ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టు ఉంటుంది. ఆసిడ్‌ది ఇంకా తేలిక: అంచు ఇంకా పదునుగానే ఉండి మసక మాత్రం పట్టులా మెత్తగా ఉంటుంది. సీసా మీద అచ్చుపోసిన అక్షరాలున్న ముక్క అయితే అక్షరాల లోపలి మూలల్లోకి చూడండి. రాయీ ఇసుకా ఎత్తుగా ఉన్నచోట ముందు అరగదీస్తాయి, లోపలి మూలల్లో మెరుపు ఎంతోకొంత మిగులుతుంది. ఆసిడ్ ద్రవం కాబట్టి మూలమూలకీ చేరి అంతటా ఒకేలా తెల్లబరుస్తుంది.

ఇంట్లోనే చేసుకోవచ్చా? ఏం కావాలి, ఎన్ని రోజులు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

చేసుకోవచ్చు. రోటరీ టంబ్లర్, అంటే రాళ్లను పీపాలో వేసి తిప్పి సానపట్టే చిన్న యంత్రం కావాలి. మూడు పౌండ్ల, అంటే సుమారు 1.4 కిలోల సరుకు పట్టే రబ్బరు పీపా ఉన్నది ఇంటికి సరిపోతుంది. ప్లాస్టిక్ పీపా అయితే రాత్రంతా చప్పుడుకి నిద్ర ఉండదు.

బీరు, వైన్, సాస్ సీసాలు తీసుకోండి. లేబుళ్లు నానబెట్టి తీసేయండి. సీసాని మందపాటి గోనెసంచిలో చుట్టి సుత్తితో కొట్టండి. కళ్లద్దాలు, తోలు చేతితొడుగులు తప్పనిసరి. రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల ముక్కలు బాగుంటాయి. సీసా అడుగు, మూతి మందంగా ఉంటాయి కాబట్టి మంచి ఆకారం వస్తుంది, నడుము భాగం పలచన, అరిగేసరికి రేకులా అవుతుంది. కారు పక్క అద్దాలు, బోరోసిలికేట్ (వేడికి తట్టుకునే గాజు) వంటపాత్రలు కలపకండి. మొదటివి పగిలితే చిన్న చిన్న దిమ్మలే అవుతాయి, రెండోవి గట్టివి, పక్కనున్న మెత్తటి గాజుతో సమంగా అరగవు.

పీపాలో మూడింట రెండు వంతుల నుంచి ముప్పాతిక దాకా నింపండి. అందులో ఐదోవంతు చిన్న గులకరాళ్లో సిరామిక్ గుళ్లో ఉండాలి, అవి ముక్కల మధ్య సందుల్లో చేరి గరుకుపొడిని అన్ని వైపులకూ మోస్తాయి. 60/90 రకం, అంటే ముతక సిలికాన్ కార్బైడ్ పొడి నాలుగు టేబుల్ స్పూన్లు, తలగొట్టి. నీళ్లు పైవరస ముక్కల కిందిదాకా మాత్రమే. మూత బిగించి తిప్పండి. రెండో రోజు తెరిచి రెండు ముక్కలు కడిగి చూడండి. మామూలుగా మూడు నుంచి ఐదు రోజుల్లో అంచులు పోతాయి. మసక ఇంకా మెత్తగా కావాలంటే అన్నీ శుభ్రంగా కడిగి, అంతకన్నా సన్నదైన 120/220 పొడితో ఇంకో రోజు. అక్కడితో ఆపేయాలి. ఇంకా సన్నటి పొడులకు వెళితే మెరుపు వచ్చేస్తుంది, మనకు కావలసింది మెరుపు కాదు.

చెడేది ఎక్కువగా ఇలా: పీపా సగం కూడా నిండకపోతే ముక్కలు ఎగిరి పడి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, అంచులకు కొత్త పెచ్చులు లేస్తాయి. మరీ నింపితే కదలిక ఉండదు, వారమైనా పదును పోదు. నీళ్లు ఎక్కువైతే పొడి అడుగుకు చేరి ముక్కల్ని వదిలేస్తుంది. పీపాలో గ్యాస్ చేరి మూత ఉబ్బవచ్చు, రోజుకోసారి తెరిచి వదలండి. ఇక ఆ బూడిదరంగు బురద. దాన్ని సింకులో పోశారంటే పైపులో సిమెంటులా గడ్డకడుతుంది. బకెట్‌లో ఒక రాత్రి ఉంచండి, పైన తేరుకున్న నీళ్లు మొక్కల పక్కన పోసి, అడుగు ముద్దను సంచిలో కట్టి చెత్తలో వేయండి. ఎండనివ్వకండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే చేటు.

యంత్రం అంచుని నునుపు చేస్తుంది, మసక ఇస్తుంది. సోడియం వెళ్లిపోయి గుల్లబారిన ఆ పైపొర దానికి చేతకాదు, ఆ పనికి ఏళ్లు కావాలి. అందుకే ఇంట్లో చేసినది ఎంత బాగా వచ్చినా దాన్ని సముద్రపు గాజు పేరుతో అమ్మకూడదు. అలాగే ఆసిడ్ దారికి, గాజు చెక్కే క్రీముల దారికి వెళ్లకండి. వాటిలోని ఫ్లోరైడ్‌లు చర్మంలోంచి లోపలికి దిగి ఎముకదాకా పోతాయి.

గాజురాయికి బెజ్జం పెట్టి గొలుసుకి వేసుకోవాలని ఉంది. రెండుసార్లు పగిలింది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

రెండుసార్లూ వెనకవైపు పెచ్చు లేచి ఉంటుంది. డ్రిల్ బిట్ బయటపడబోయే చోట గాజు పొర పలచనై, మనం నొక్కే ఒత్తిడికి విరుగుతుంది.

ఇనుప బిట్ పనికిరాదు. 1.5 లేదా 2 మిల్లీమీటర్ల వజ్రపు పూత బిట్ తీసుకోండి. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలో చిన్న చెక్కముక్క, దాని మీద బంకమట్టి ముద్దలో కూర్చోబెట్టిన గాజు, పైన ఒక సెంటీమీటరు నీళ్లు. కరెంటు తీగ ఉన్న డ్రిల్ నీళ్ల దగ్గరకు తేకూడదు, బ్యాటరీదే వాడండి. మొదట బిట్‌ని ఏటవాలుగా ఆనించి చిన్న గుంట చేయండి, లేకపోతే నునుపు మీద జారుతుంది. తర్వాత నిలువుగా పెట్టి, తక్కువ వేగంతో, డ్రిల్ బరువు తప్ప చేతి బరువు వేయకుండా నడపండి. ప్రతి ఐదారు సెకన్లకీ పైకెత్తండి, తెల్లపొడి బయటికొచ్చి నీళ్లు లోపలికి వెళతాయి. సగం లోతు కాగానే తిప్పి అవతలివైపు నుంచి మొదలుపెట్టండి. మధ్యలో కలిసేలా గుర్తు పెట్టుకుంటే పెచ్చు లేచే అవకాశం బాగా తగ్గుతుంది. అంచుకు కనీసం నాలుగు మిల్లీమీటర్లు వదలండి. లెన్సులో లోపల పగులు గీత కనిపించిన ముక్క జోలికి వెళ్లకండి, దానికి 0.8 మిల్లీమీటర్ల రాగి తీగ చుట్టుకోవడమే మేలు. నిజం చెప్పాలంటే అరుదైన రంగు ముక్కలన్నిటికీ తీగే మేలు.

సముద్రపు గాజు ఏరేవాళ్లకు గోలీలు కూడా దొరుకుతాయట. అవి మన గోలీసోడా గోలీలేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

చాలావరకు ఆ జాతివే. ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1870ల మొదట్లో పేటెంట్ తీసుకున్న సీసా అది. నొక్కిన మెడలో గోలీ, మూతి లోపల రబ్బరు వాషరు. సోడా గ్యాసే గోలీని పైకి నెట్టి మూతి బిగిస్తుంది. అక్కడ పిల్లలు గోలీ కోసం సీసాలు పగలగొట్టేవారు. అలా విడిపోయిన గోలీలే ఆ దేశపు తీరాల్లో దొరుకుతున్నాయి. సీసా రంగులోనే, లేత నీలాకుపచ్చలో ఉంటే సోడా గోలీ అనుకోవచ్చు. లోపల రంగు మెలికలుంటే ఆట గోలీ.

మా అబ్బాయి ఏరిన గాజురాళ్లు చేపల తొట్టెలో వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

తెలుపు, ఆకుపచ్చ, గోధుమ సీసా గాజు వేయొచ్చు. ఎరుపు, నారింజ, పసుపు ముక్కలు వద్దు, వాటిలో కాడ్మియం ఉండవచ్చు. సైజుకు మించి బరువుగా అనిపించే మందపాటి తెల్లముక్క సీసం కలిపిన క్రిస్టల్ కావచ్చు, అదీ వద్దు. మిగతావాటిని మంచినీళ్లలో మూడు రోజులు, రోజూ నీళ్లు మార్చి నానబెట్టండి. వేడినీళ్లు పోస్తే లోపల సన్నపగుళ్లున్న ముక్కలు చిట్లుతాయి. తొట్టెలో వేసేముందు ఒక్కో ముక్క అంచునీ పత్తి ఉండతో తుడవండి. పత్తి పీచు పట్టుకున్నచోట పదును మిగిలి ఉంది, చేప రెక్క చీలుతుంది. ఆ ముక్క పక్కన పెట్టేయండి.